చక్రాల మీద ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి చక్రాలు తగిలించి చూడు అని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు. అనకపోయినా మనవాళ్ళు ఆ ముచ్చట కూడా తీర్చుకొంటూనే వున్నారు. సినిమా షూటింగు జరిగేచోట తారల కోసం క్యారవాన్ అని ఒక బండి నిలబడి వుంటుంది. అందులో మంచం, నిలువుటద్దం, స్నానాలగది, చల్లగాలి, అన్నీ వుంటాయి. 1982లో నందమూరి తారక రామారావుగారు ఒక పాత షెవర్లే వ్యానును బాగుచేయించి, చైతన్యరథం అని పేరు పెట్టి, దానిమీద నిలబడే ఉపన్యాసాలిస్తూ రాష్ట్రమంతా తిరిగారు. అది ఆయనకు వేదికా అయింది, ఇల్లూ అయింది.

మా తమ్ముడి కొడుకు అమెరికాలో చదువుకొంటున్నాడు. సెలవుల్లో నలుగురు స్నేహితులు కలిసి మోటారుహోం అనే బండి అద్దెకు తీసుకొని గ్రాండ్ కాన్యన్ చూసి వచ్చారట. వాడు ఫోనులో చెప్పిన విశేషాలలో నాకు ఆ లోయకన్నా ఆ బండే ఎక్కువ ఆసక్తిగా తోచింది. తాళంచెవి చేతికిచ్చే ముందు యజమాని వాళ్ళను ముప్పావుగంట నిలబెట్టి పాఠం చెప్పాడట. గ్యాసు ట్యాంకు మనుషులుండే భాగంలో వుండదు. బయటివైపు, గాలి తగిలేటట్టు అమర్చి వుంటుంది. బండి కదిలేముందు దాన్ని కట్టివేయాలి. పొగను పసిగట్టి మోగే యంత్రం కప్పుకు వుంటుంది, గ్యాసును పసిగట్టేది నేలకు దగ్గరగా వుంటుంది. తలుపు పక్కనే మంటలార్పే డబ్బా. పడకదగ్గర ఒక కిటికీ పూర్తిగా తెరుచుకొంటుంది, మనిషి పట్టేటంత.

“ఇంత పాఠం విన్న తరువాత అందులో నిద్రెట్లా పట్టిందిరా?” అని అడిగాను.

“బాగా పట్టింది పెదనాన్నా,” అన్నాడు. ఎట్లా బయటపడాలో తెలిసినవాడికి నిద్ర పట్టకేం!

అటువంటి బండ్లు మన దగ్గర లేవనుకోకండి. వున్నాయి. వాటి పేరు యాత్రబస్సు. నలభైమంది మనుషులు, నలభై పరుపుచుట్టలు, బియ్యం, పప్పు, నూనెడబ్బాలు, ఒక వంటమనిషి, ఇద్దరు సహాయకులు, ఒక పొయ్యి. ఇరవై రోజులపాటు అదే ఇల్లు. కరపత్రంలో కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య అని క్షేత్రాల పేర్లు ఎంత పెద్ద అక్షరాలతో వుంటాయో, “మన భోజనమే” అన్న మాట కూడా అంతే పెద్ద అక్షరాలతో వుంటుంది. అసలు మన పెద్దవాళ్ళు ఆ యాత్రకు ఒప్పుకొనేది ఆ రెండో మాట చూసే. పదిరోజులు రొట్టెలు తిని బతకవలసి వస్తుందంటే విశ్వనాథుడు పిలిచినా పోనివాళ్ళను నేనెరుగుదును.

మాది పాములపాడు. నంద్యాల జిల్లాలో నందికొట్కూరుకూ ఆత్మకూరుకూ నడుమ వుంటుంది. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే కృష్ణానీళ్ళు మా మండలంలోని బనకచెర్ల రెగ్యులేటరు దగ్గర దారులు చీలి, ఒక పాయ తెలుగుగంగకూ, ఒకటి శ్రీశైలం కుడిగట్టు కాలువకూ, ఒకటి నిప్పులవాగుకూ పోతాయి. నిప్పు పేరు పెట్టుకొన్న వాగులో నీళ్ళు పారే ప్రాంతం మాది. నీళ్ళు ఎక్కడ వుండాలో, నిప్పు ఎక్కడ వుండాలో మావాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకొనేవాణ్ణి, ఆ యాత్రబస్సు చూసేవరకు.

మొన్న సంక్రాంతి వెళ్ళిన వారంలో మా ఊరినుంచి ఒక యాత్రబస్సు కాశీకి బయలుదేరడానికి ఏర్పాటయింది. మా చిన్నమ్మ కూడా పేరిచ్చింది. ఆమెకు డెబ్బైమూడేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయినవి. కూర్చుంటే లేవడానికి ఒక అష్టోత్తరం చదివినంతసేపు పడుతుంది. అమ్మ పోయిన తరువాత నాకు అమ్మలాంటిది ఆమే. కనుక ఆమె ఇరవై రోజులు కాపురముండబోయే ఇల్లు ఎట్లావుందో చూతామని, ప్రయాణానికి రెండురోజుల ముందు, ఊరి మైదానంలో నిలిపిన బస్సు దగ్గరకు వెళ్ళాను.

బస్సు అందంగానే వుంది. ముందు అద్దానికి బంతిపూల దండ, డ్రైవరు ఎదుట వేంకటేశ్వరస్వామి పటం, పటం ముందు అగరువత్తుల గుచ్చు, హారతిపళ్ళెంలో కర్పూరం. నడవలోకి అడుగుపెట్టి వెనకదాకా పోయాను. చివర రెండు సీట్లు తీసేసి వంటిల్లు చేశారు. గోడవారగా రెండు గ్యాసు సిలిండర్లు, పక్కనే రెండు పొయ్యిల స్టౌ, దానిమీద చుట్టిపెట్టిన రబ్బరుగొట్టం. ఎమర్జెన్సీ డోరుకు అడ్డంగా ఆరు బియ్యపుమూటలు. కప్పుమీద బయటపడే మూత వుంది గాని, దానిమీదనే లగేజీ వేసి టార్పాలిను బిగించారు. మా ప్రాంతపు మట్టిమిద్దెలకు పొగ పోవడానికీ వెలుతురు రావడానికీ గవాచి వుంటుంది. ఎవరూ గవాచిమీద గడ్డివాము వేసుకోరు. అద్దాలు పగలగొట్టే సుత్తుల కోసం గోడకు నాలుగు కొక్కేలున్నాయి, సుత్తి మాత్రం ఒకటే. మంటలార్పే డబ్బా డ్రైవరు వెనక వేలాడుతోంది. దానిమీద ఆయుధపూజనాటి కుంకుమబొట్టు చెక్కుచెదరకుండా వుంది. అంటే దసరా తరువాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్నమాట. దానికుండే చిన్న గడియారంలో ముల్లు పచ్చరంగు దాటి ఎర్రరంగులో పడుకొని వుంది.

నిఘంటువులు నమిలేవాణ్ణి గనుక నాకు అప్పుడు ఒక మాట గుర్తుకువచ్చింది. అమరకోశంలో అగ్నికి చాలా పేర్లున్నాయి. అనలుడు, పావకుడు, కృశానుడు మనకు తెలిసినవే. వాటిలో ఆశ్రయాశుడు అని ఒకటుంది. తనకు ఆశ్రయమిచ్చినదాన్నే తినేవాడు అని అర్థం. ఎంత ఎరిగి పెట్టిన పేరు! పిలిచి పీట వేసినవాడి ఇంటినే తినే అతిథిని ఇంట్లో పెట్టుకొన్నప్పుడు కనీసం రెండో వాకిలి తెరిచి వుంచుకోవాలి కదా.

మన పూర్వులు అవి ఎరిగినవారే. 1830 మే నెలలో చెన్నపట్నంనుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు అహోబిలం, మహానంది చూసుకొని మా ఆత్మకూరు మీదుగానే శ్రీశైలం వెళ్ళారు. బోయీలు, డేరాలు, పరివారం, అన్నీ వెంటబెట్టుకొని పోయిన యాత్ర అది. 1831 సెప్టెంబరుకు గాని ముగియలేదు. అదీ ఒక నడిచే ఇల్లే. కాని అందులో ఒక కట్టుబాటు వుంది. నడిచినంతసేపు నడక, ఆగిన తరువాత వంట. గూడుబండ్ల కాలమంతా అంతే. చెట్టుకింద దిగి, మూడు రాళ్ళు పెట్టి, వండుకొని, తిని, నీళ్ళు చల్లి నిప్పు ఆర్చి, మళ్ళీ బండి కట్టేవారు. బండితోపాటు కదిలే నిప్పు ఏదైనా వుందంటే అది ఇరుసుకింద వేలాడే లాంతరు. అదీ బయటే. నడిచేటప్పుడు నిప్పు లేదు. నిప్పున్నప్పుడు నడక లేదు. ఇప్పుడు మనం చేసిన కొత్త పనల్లా ఆ రెంటినీ ఒకే కప్పుకింద చేర్చడం.

చేర్చితే ఏమవుతుందో తెలియక కాదు. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై రైల్వే యార్డులో ఒక యాత్రికుల పెట్టె ఆగివుంది. లక్నోనుంచి వచ్చినవాళ్ళు. రైల్లోకి తేకూడని గ్యాసు సిలిండరును రహస్యంగా తెచ్చుకొన్నారు. పొద్దున్నే పొయ్యి వెలిగించబోయారు. తొమ్మిదిమంది పోయారు. గమనించారా? పెట్టె నడవడంలేదు, నిలిచే వుంది. అయినా బయటికి రాలేకపోయారు.

2025 జనవరి 14న, సరిగా సంక్రాంతినాడు, నిర్మల్ జిల్లానుంచి బయలుదేరిన యాత్రబస్సు ఒకటి బృందావనంలో నిలిపిన చోటనే కాలిపోయింది. దాదాపు యాభైమంది తెలుగు యాత్రికుల బస్సు అది. మిగిలినవారు దిగివున్నారు గనుక బతికారు. దిగకుండా బస్సులోనే వుండిపోయిన ఒక వృద్ధుడు చనిపోయాడు. ఆ వార్త చదివినప్పటినుంచి నా మనస్సులో ముల్లులా నిలిచినది ఒక్కటే: బస్సులో వుండిపోయేది ఎప్పుడూ ఎవరు? “మీరు పోయిరండి నాయనా, నేను సామాన్లు చూస్తూ వుంటా” అనేది ఎవరు?

ఇక చిన్నటేకూరు సంగతి చెప్పనక్కరలేదు. కర్నూలు దాటి బెంగుళూరు దారిలో, మా జిల్లా పొరుగునే. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున మూడుగంటల ప్రాంతంలో, హైదరాబాదునుంచి పోతున్న స్లీపరుబస్సు రోడ్డుమీద పడివున్న మోటారుసైకిలును ఈడ్చుకొనిపోయింది. మంట లేచింది. పందొమ్మిదిమంది ప్రయాణికులు నిద్రలోనే చిక్కుకొన్నారు. బతికినవారిలో చాలామంది అద్దాలు పగలగొట్టుకొని దూకినవారే. అంతకు పన్నెండేళ్ళ ముందు, 2013 అక్టోబరు 30న, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టుకు కొట్టుకొన్న బస్సులో నలభై అయిదుమంది. వీటిలో వంటపొయ్యి లేదు. వంటపొయ్యి లేకుండానే ఇంత జరిగితే, రెండు సిలిండర్లున్న బస్సుకు అట్లాంటి దెబ్బ తగిలితే ఏమనుకోవాలి?

యాత్రలు తిప్పే పెద్దాయన అక్కడే వున్నాడు. మంచివాడే. మా ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళకు కాశీ చూపించిన పుణ్యం ఆయనది. “అన్నా, సిలిండర్లు దించండి” అన్నాను.

“ఏం సార్, పొద్దున్నే అపశకునం మాటలు! ఇరవై ఏండ్లనుంచి తిప్పుతున్నా. సామి దయవల్ల ఒక్క పాపం జరగలా” అన్నాడు.

ఇరవై ఏళ్ళు జరగకపోవడం ఇకమీద జరగదనడానికి పూచీ కాదు. అది ఆయనకు చెప్పాను. మనం ఇంట్లో వాడే సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ద్రవరూపంలో వుంటుంది. బయటికి వచ్చిందంటే రెండువందల యాభై రెట్లు ఉబ్బుతుంది. అది గాలికన్నా బరువైనది. అందువల్ల పొగలాగా పైకి పోదు. నీళ్ళలాగా పల్లానికి పారి, నేలమీద నిలుస్తుంది. ఇంట్లో అయితే గడపకింది సందునుంచో, తలుపులోనుంచో కొంత పోతుంది. బస్సులో ఎక్కడికి పోతుంది? బెర్తులకింద, మూటలసందున చేరుతుంది. గాలిలో నూటికి రెండువంతులు కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకొంటుంది. ఆ రవ్వ అగ్గిపుల్లే కానక్కరలేదు. లైటు స్విచ్చి చాలు. మనకు తెలియడానికే దానికి ఆ ఘాటువాసన కలుపుతారు. ఊరికే వుండే ఇంట్లోనే రబ్బరుగొట్టం, రెగ్యులేటరు అప్పుడప్పుడు చూసుకోవాలంటారే, రెండువేల కిలోమీటర్లు గుంతల్లో గంతులువేసే బండిలో అవి ఎంత బిగువుగా వుంటాయి?

నా మాటకు బలం అనుకోనిచోటినుంచి వచ్చింది. డ్రైవరు ముప్పై అయిదేళ్ళవాడు, కళ్ళు తుడుచుకొంటూ బండికిందనుంచి వచ్చాడు. “సార్ చెప్పేది నిజమే పెద్దాయనా. చిన్నటేకూరు అయినప్పటినుంచి నాకు ఆ సిలిండర్లు వీపుమీద కూర్చున్నట్టే వుంది” అన్నాడు. నన్ను తీసుకుపోయి బ్యాటరీ కరెంటు మొత్తం ఆపే స్విచ్చి ఎక్కడుందో చూపించాడు. వంటాయన సెల్‌ఫోన్ల కోసం బ్యాటరీనుంచి సొంతంగా లాగిన తీగ ఒకటి చూపించాడు. దానికి ఫ్యూజు లేదు. ఒక్క తీగకు పదిహేను ఫోన్లు తగిలిస్తారట, రాత్రంతా, దుప్పట్లకింద.

పెద్దాయన మెత్తబడలేదు. సిలిండర్లు దించితే భోజనానికి తలకు మరో పద్దెనిమిదివందలు పడుతుంది, ఎవరిస్తారు అన్నాడు. ఆ మాటా న్యాయమైనదే. పెన్షను డబ్బుతో కాశీకి పోయేవాళ్ళకు పద్దెనిమిదివందలు చిన్న మాట కాదు. యాత్రికులనే అడుగుదాం, కాని ముందు ఒక చిన్న పరీక్ష చేద్దాం అన్నాను. సాయంత్రం అందరూ సామాన్లు సర్దడానికి వచ్చినప్పుడు, ఎవరి సీట్లలో వాళ్ళను కూర్చోబెట్టి, “బస్సు అంటుకొంది, దిగండి” అని డ్రైవరు కేకవేయాలి. నేను గడియారం చూస్తాను. అంతే.

సాయంత్రం పరీక్ష జరిగింది. కేక వినగానే మొదట నవ్వులు. తరువాత వంగి చెప్పులు వెతుక్కొన్నారు. ఒకాయన కళ్ళజోడు, ఒకావిడ మందుల సంచి. ఒక దంపతులు పైన పెట్టిన ట్రంకుపెట్టె దించడానికి నడవకు అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళవెనక పదిమంది ఆగిపోయారు. నలభై రెండుమంది దిగేసరికి నాలుగు నిముషాల ఇరవై సెకన్లు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను లెక్కపెట్టాను. నలభై ఒక్కరే వున్నారు.

లోపలికి చూస్తే చివరి వరసలో, సిలిండర్లకు మూరెడు దూరంలో, మా చిన్నమ్మ సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చునివుంది. లేవనే లేదు.

“ఏమ్మా, దిగలేదే?” అన్నాను.

“మీరంతా దిగినాక మెల్లగా దిగుదామని నాయనా. నేను లేస్తే దావలో అందరికీ అడ్డం కదా” అంది.

బయట నవ్వులాగిపోయాయి. అంతకుముందే వాళ్ళకు బృందావనం సంగతి చెప్పివున్నాను. మన ఇళ్ళలో ముసలివాళ్ళు ఇట్లాగే వుంటారు. పంక్తిలో చివర కూర్చుంటారు, కూర చివర వడ్డించుకొంటారు. ఆ మర్యాద ఇంట్లో అందమైనదే. మంట ముందు మాత్రం పనికిరాదు.

ఆమెను చెయ్యిపట్టి దించుతూ, ముందు తలుపు పక్క సీటు ఇప్పిస్తానన్నాను. “యాడ కూర్చుంటే ఏమిలే. కాశీకే కదా పోతుండేది. దావలో పోయినా పుణ్యమే అంటారు” అంది, సగం నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. “కాశీలో పోవాలనుకోవడం నీ కోరికైతే, అది నువ్వూ విశ్వనాథుడూ తేల్చుకోండి. దారిలో కాలిపోవడం మాత్రం ఏ పురాణంలోనూ పుణ్యం కాదు. అది మాకు జీవితాంతం శిక్ష” అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాననుకొంటాను. ఆమె నా మొహంకేసి చూసి, ఏమీ అనక, మైదానంలో రాయిమీద కూర్చుంది.

తరువాత మాట్లాడినది ఆమే. అందరూ వినేటట్టు, తన చిన్నప్పటి మాట చెప్పింది. వాళ్ళ ఊళ్ళో అన్నీ బోదకొట్టాలట. ఎండాకాలం పడమటిగాలి లేచిన రోజున తలారి వీధివీధీ తిరిగి, గాలి పడేదాకా పొయ్యి రాజేయవద్దని కేకవేసేవాడట. పిల్లలు ఆకలికి ఏడ్చినా సద్దన్నం, మజ్జిగ పెట్టి ఊరుకోబెట్టేవాళ్ళట గాని ఒక్క ఇంట్లోనూ పొగ లేచేది కాదట. “ఊరంతటికీ ఒక పూట వంట లేకుంటే ఎవరూ సావలేదు. మనకు బస్సులో వంట లేకుంటే సస్తామా? నా పద్దెనిమిదినూర్లు నేనిస్తా” అంది.

నేను రెండు గంటలు వాదించి సాధించలేనిది ఆమె రెండు నిముషాల్లో సాధించింది. సిలిండర్లు దిగాయి. కాశీలో మానససరోవర ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమం వుంది, దారిలో సత్రాలున్నాయి, పట్టణాల్లో హోటళ్ళున్నాయి. మధ్యలో ఆకలికి చెక్కలు, మురుకులు, అటుకులు, పొడులు, ఊరగాయలు. ఇంకా బస్సులో పొయ్యి లేని కారణంగా ఎవరూ చిక్కిపోలేదని తరువాత తెలిసింది.

ఆ సాయంత్రమే తక్కిన పనులూ జరిగాయి. ఎమర్జెన్సీ డోరు ముందునుంచి బియ్యపుమూటలు ఇంటిదారి పట్టాయి. కప్పుమీది మూత తెరుచుకొనేటట్టు లగేజీ పక్కకు జరిపారు. ఆత్మకూరునుంచి మరి మూడు సుత్తులు, రెండు కొత్త మంటలార్పే డబ్బాలు తెప్పించారు. డ్రైవరు అందరినీ నిలబెట్టి చూపించాడు: పిన్ను లాగి, గొట్టం మంట మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి, ఇటునుంచి అటు ఊడ్చినట్టు తిప్పాలి. ఎగిసే మంటమీద కొడితే లాభం లేదు. ఆ చిన్న డబ్బా పట్టుమని పదిసెకన్లు పనిచేస్తుంది. అందులో ఆరకపోతే ఇక ఆర్పడం మన పని కాదు, దిగడమే మన పని. పక్క అద్దాన్ని సుత్తితో నడుమ కాదు, మూలమీద కొట్టాలి. ఒక్కదెబ్బకు పేలాల్లా రాలుతుంది. ముందు అద్దం వేరు; రెండు పొరలకు నడుమ అంటు వుంటుంది గనుక అది పగిలినా రాలదు. పొగ నిండితే నిలబడి పరుగెత్తకూడదు. పొగ పైన చేరుతుంది, శ్వాస కింద దొరుకుతుంది, తలవంచుకొని పాకాలి. పైబెర్తులవారికి పొగ ముందు తగులుతుంది గనుక పెద్దవాళ్ళను అక్కడ పడుకోబెట్టకూడదు. బట్ట అంటుకొంటే పరుగెత్తకుండా నేలమీద దొర్లాలి. దిగినవాళ్ళు వంద అడుగుల దూరం పోయి 112కు గాని 101కి గాని ఫోను చేయాలి. పెట్టెల కోసం తిరిగి ఎక్కేవాడిని పట్టి కూర్చోబెట్టాలి.

కాశీ చలికి రాత్రి కుంపటి పెట్టుకొందామన్నవాళ్ళకు అదీ వద్దని చెప్పాను. తలుపులు మూసిన బండిలో బొగ్గులు సగం కాలి పుట్టించే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే తీసుకుపోతుంది. కంబళి మరొకటి తీసుకుపోవడం సులువు.

చిక్కల్లా పొద్దుటి హారతి దగ్గర వచ్చింది. బస్సు కదిలేముందు స్వామికి కర్పూరహారతి ఇవ్వకపోతే ఎట్లా అని ఇద్దరు ముగ్గురు పెద్దలు నొచ్చుకొన్నారు. భక్తివిషయంలో నేను నోరు మెదపలేదు. చిన్నమ్మే తీర్పు చెప్పింది: “పటం దించుకొని కిందికి పోయి హారతి ఇస్తాం. సామికి కూడా రవ్వంత గాలి తగుల్తుంది.”

రెండోసారి పరీక్ష జరిపాము. ఈసారి ఎవరూ సంచి ముట్టుకోలేదు. చెరొకవైపు నిలబడి నడవలేనివాళ్ళను ముందు దించే పని క్లీనరుకూ, మరో పడుచుపిల్లవాడికీ అప్పగించాము. ముందు తలుపునుంచి సగం, వెనక తలుపునుంచి సగం. నిముషం నలభై సెకన్లు. మొదట దిగినది మా చిన్నమ్మ. ఆమె జీవితంలో పదిమందికన్నా ముందు నడిచిన సందర్భం అదే మొదటిది కాబోలు, కిందికి దిగి కొంత సిగ్గుపడింది.

ఇదంతా ఒక్క ఊరి బస్సుకు సంబంధించిన మాట కాదు గనుక రాస్తున్నాను. 2022 జనవరిలో కేంద్రప్రభుత్వం దూరప్రయాణపు బస్సులలో ప్రయాణికులు కూర్చునే భాగంలో కూడా మంటలను పసిగట్టి హెచ్చరించే ఏర్పాటు వుండాలని ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కాని యంత్రం హెచ్చరిస్తుంది గాని బియ్యపుమూట జరపదు. ఆ మూట అక్కడ పెట్టినవాళ్ళం మనం, జరపవలసినదీ మనమే. మీ ఇంటినుంచి అమ్మో, అత్తగారో, మేనత్తో యాత్రకు పోతుంటే, వడియాలు ఊరగాయలు కట్టి ఇచ్చి చెయ్యి ఊపి రావద్దు. ఒక్క పదినిముషాలు బస్సు ఎక్కి చూడండి. పొయ్యి ఎక్కడుంది, రెండో తలుపు తెరుచుకొంటుందా, సుత్తి వుందా, డబ్బామీద ముల్లు పచ్చలో వుందా, పెద్దావిడ సీటు ఎక్కడ. అడిగితే యాత్రపెద్ద విసుక్కొంటే విసుక్కోనివ్వండి. విసుగు మందులేకుండా తగ్గే జబ్బు.

ఇరవై రోజుల తరువాత అందరూ క్షేమంగా తిరిగివచ్చారు. మా చిన్నమ్మ గంగ చెంబూ, గయలో వదిలివచ్చిన కాయా పండూ కబుర్లూ చెప్పి, కొత్త అలవాటొకటి తెచ్చుకొంది. పోయినవారం నంద్యాలలో ఒక పెళ్ళికి తీసుకుపోయాను. పెద్ద కల్యాణమండపం, మూడువందలమంది జనం, గుమ్మంనిండా పూల తోరణాలు. వియ్యాలవారు ఎదురువచ్చి కుశలమడుగుతున్నారు. ఆమె వాళ్ళకు నమస్కారం పెట్టి, లోపలికి తేరిపార చూసి, మొదటి మాటగా అడిగింది: “అది సరే నాయనా, దీనికి రెండో వాకిలి యాడుంది?”